బీఎస్సీ నర్సింగ్ చేసి చేరి ఏడాది కాలేదు, హాస్పిటల్ వదిలేసి ఫిట్‌నెస్‌లోకి వెళ్ళొచ్చా?

అంబాజీపేట_అమ్మాయి
మా దగ్గర్లోనే ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మెడికల్ వార్డు. నైట్ డ్యూటీలో ఫ్లోరంతటికీ ఇద్దరం, ఒక్కోసారి ఒక్కదాన్నే. చేతికొచ్చేది 14 వేలు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, నన్ను తినేస్తున్నది వేరే. మా వార్డుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగరో బీపీయో ముదిరి వచ్చినవాళ్ళే. మందులిస్తాం, సెలైన్ పెడతాం, నాలుగు రోజులకి పంపించేస్తాం. డిశ్చార్జ్ కాగితంలో చివర "రోజూ వాకింగ్" అని ఒక ముక్క ఉంటుంది. మొన్న ఒక పెద్దావిడ ఆ కాగితం పట్టుకుని వచ్చి "ఎంత దూరం నడవాలమ్మా, ఆయాసం వస్తే ఆగిపోవాలా, మోకాళ్ళు నొప్పెడితే ఏం చెయ్యాలి" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టానో లేదో పక్క బెడ్ బెల్లు మోగింది. నేను తిరిగొచ్చేసరికి వాళ్ళబ్బాయి ఆవిడని ఆటో ఎక్కించేశాడు. రోజూ ఇదే వరస.

స్కూల్లో వాలీబాల్ ఆడేదాన్ని, నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ జిమ్ మానలేదు. పేషెంట్లని లేపీ పడుకోబెట్టీ మా బ్యాచ్‌లో చాలామందికి నడుం పట్టేసింది, నాకు ఆ బాధ లేదు, బరువులు ఎత్తే అలవాటు వల్లే అనుకుంటున్నా. ట్రైనర్ సర్టిఫికెట్ ఒకటి చేసి పూర్తిగా అటే వెళ్ళిపోవాలని ఉంది. ఇంట్లో చెప్తే అమ్మ అన్నం మానేసింది. నాన్న "కొబ్బరికాయలమ్మి నాలుగేళ్ళు ఫీజు కట్టాను" అన్న ఒక్క మాట అని ఊరుకున్నారు. ఇలా మారినవాళ్ళెవరైనా ఉన్నారా? మారితే నర్సింగ్ రిజిస్ట్రేషన్ పోతుందా? మన ఊళ్ళలో దీని మీద బతకడం అయ్యే పనేనా? మెత్తగా చెప్పక్కర్లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి.

పూతరేకు
అమ్మగారు మళ్ళీ అన్నం తిన్నారా, ముందు అది చెప్పండి.

అంబాజీపేట_అమ్మాయి
సాయంత్రానికి పనసపొట్టు కూర వండి తిన్నారండి. మాటలే లేవు.

నైట్‌డ్యూటీ_అక్క
చెల్లీ, మొదటి ఏడాది ఎవరికైనా ఇంతే. చదువుకున్నది ఒకటి, వార్డులో చేసేది ఒకటి, ఏ మందు మర్చిపోయానో అని నిద్దర్లో కూడా టెన్షన్. అలాంటప్పుడు తీసుకునే నిర్ణయం హాస్పిటల్ మీద కోపంతో తీసుకున్నదో, ఫిట్‌నెస్ మీద ఇష్టంతో తీసుకున్నదో మనకే తేలదు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీకు పేషెంట్ల మీద విసుగు లేదు, ఆ పెద్దావిడకి జవాబు చెప్పలేకపోయానన్న బాధ ఉంది. ఆ బాధ ఉన్న పిల్లే మంచి నర్సు అవుతుంది.

ఫ్లోరంతా ఇద్దరితో నడపడం నువ్వు చేసిన పాపం కాదు. జీతం సంగతీ అంతే. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు హాస్పిటల్లో కూడా నర్సుకి నెలకి 20 వేలకి తగ్గకూడదంది. అమలు చెయ్యడం రాష్ట్రాలకి వదిలేశారు, అందుకే నీ చేతికి 14 వస్తోంది. ముందు చోటు మార్చు, వార్డు మార్చు. వృత్తి మార్చడం గురించి ఆ తర్వాత ఆలోచిద్దువుగాని.

భీమవరం_బార్‌బెల్
అక్క చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. నాది జిమ్, కాబట్టి రెండో వైపు నేను చెప్తా. మన ఊళ్ళలో ట్రైనర్‌కి ఫ్లోర్ జీతం మీ 14 కన్నా తక్కువే. డబ్బు కనపడేది పర్సనల్ ట్రైనింగ్ మీద, అందులో జిమ్ వాటా పోను మిగిలినది. పొద్దున్న ఐదింటి నుంచి తొమ్మిది, మళ్ళీ సాయంత్రం ఐదింటి నుంచి తొమ్మిదిన్నర. షిఫ్టులు తప్పించుకుందామని వస్తే ఇదీ షిఫ్టే అండి. సంక్రాంతి అయ్యాక జనం విరగబడతారు, పెళ్ళిళ్ళ సీజన్ ముందు ఇంకొందరు వస్తారు, ఎండలు ముదిరేసరికి సగం మంది కనపడరు. రొయ్య రేటు పడిపోయిన నెలలో మా రెన్యూవల్స్ కూడా పడిపోతాయి, భీమవరంలో ఏ జిమ్ వాణ్ణి అడిగినా ఇదే చెప్తాడు.

ఇది ఒక పక్క. ఇంకో పక్క ఏంటంటే, పిల్లల్ని స్కూలుకి పంపి పదింటికి వచ్చే లేడీస్ బ్యాచ్‌కి సరైన ట్రైనర్ దొరకడం మహా కష్టం. వాళ్ళలో ఎక్కువమందికి థైరాయిడో బీపీయో మోకాళ్ళ నొప్పులో ఏదో ఒకటి ఉంటుంది. మా కుర్రాళ్ళకి వాళ్ళని చూస్తే భయం, అందుకని అందరికీ ఒకటే మందు, ట్రెడ్‌మిల్ అరగంట. నర్సింగ్ చదివిన అమ్మాయి వస్తే నేనైతే ఎదురెళ్ళి తీసుకుంటాను.

తణుకు_తల్లి
ఆ ట్రెడ్‌మిల్ అరగంట బాధితురాలిని నేనే. బీపీకి అటెనోలాల్ వేసుకుంటాను. మా ఊళ్ళో ఒక జిమ్‌లో చేరితే ట్రైనర్ అబ్బాయి మిషన్ మీద గుండె వేగం చూసి "ఆంటీ, ఇంకా పెరగలేదు, మీరు కష్టపడట్లేదు" అని స్పీడు పెంచుకుంటూ పోయాడు. నాకు చెమటలు కారిపోతున్నాయి, మాట రావట్లేదు, ఆ నంబరు మాత్రం పెరగదు. దిగేసరికి కళ్ళు తిరిగాయి. ఏం మందులు వాడుతున్నారని చేరేటప్పుడు ఒక్కరూ అడగలేదు. ఫారంలో పేరు, ఫోన్ నంబరు, ఎన్ని నెలల ప్యాకేజీ, అంతే.

అంబాజీపేట_అమ్మాయి
అమ్మా, మీ మందు చేసే పనే అది. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి గుండె వేగాన్ని పెరగనివ్వవు. గుండె ఎంత వేగం దాకా వెళ్ళొచ్చో 220లోంచి వయసు తీసేసి వేసే లెక్క అవి వాడేవాళ్ళకి పనికిరాదు. మీలాంటివాళ్ళకి మనిషిని చూడాలి, మిషన్ని కాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ మోతాదు సరిపోతుంది. మాట రావట్లేదంటే అది మీకు చాలా ఎక్కువైపోయినట్టు. మందు మాత్రం మీ అంతట మీరు మానెయ్యకండి, అటెనోలాల్ ఉన్నపళాన ఆపకూడదు.

పూతరేకు
చూశారా, వార్డులో దొరకని రెండు నిమిషాలు ఇక్కడ దొరికాయి.

భీమవరం_బార్‌బెల్
తణుకు తల్లిగారూ, ఆ కుర్రాణ్ణి నేను వెనకేసుకు రాను. మా జిమ్‌లో ఈ వారం నుంచే ఫారంలో మందుల గడి పెడుతున్నా.

రాజోలు_రైతు
ఆయ్, నేనొకటి అడుగుతానండి. ఇవన్నీ టౌన్ల మాటలు. మా లంక ఊళ్ళలో నడకకి డబ్బులిచ్చేవాడెవడండీ? పొద్దున్నే చెరువు గట్టు మీద నాలుగు చుట్లు కొడతాం, ఏటిగట్టు ఉంది, కాలవగట్టు ఉంది. కొబ్బరి దింపులు తీసేవాడు రోజుకి ఎన్ని చెట్లెక్కుతాడో చూడండి, వాడికి ట్రైనరెవరు? అమ్మాయి చదువుకున్న చదువు వదిలేసి ఈ పనిలోకి రావడం నాకైతే నచ్చలేదు. నాకూ కూతురుంది కాబట్టి చెప్తున్నాను.

కోటిపల్లి_కుర్రాడు
బాబాయ్, దింపు తీసేవాడికి అక్కర్లేదు నిజమే. ఆ కాయలు లెక్కపెట్టుకుంటూ గట్టు మీద కుర్చీలో కూర్చునే వాళ్ళకే కావాలి ట్రైనర్.

రాజోలు_రైతు
ఎటకారం సరేగానీ, ఒక సంగతి ఉంది. మా పక్క చెరువాయన షుగర్ పేషెంటు. టీ కూడా తాగకుండా బిళ్ళ వేసుకుని గట్టు మీద నడుస్తూ కూలబడిపోయాడు. ఒళ్ళంతా చెమట, వణుకు, పిలిస్తే పలకడు. చెరువులో ఏరియేటర్ (గాలి మిషన్) చూసుకునే కుర్రాడు గుండెపోటనుకుని కంగారు పడ్డాడు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే షుగర్ పడిపోయిందన్నారు. మరి నడవమన్నదీ డాక్టరే, బిళ్ళ ఇచ్చిందీ డాక్టరే. లోపం ఎక్కడుందంటారు?

అంబాజీపేట_అమ్మాయి
బహుశా గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ అయ్యుంటుంది బాబాయ్ గారూ. ఇన్సులిన్, ఆ రకం బిళ్ళలు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో నడిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి అది చాలా అరుదు. నడిచే ముందు చూసుకుంటే 90 కన్నా తక్కువుంటే ఏదైనా తిని బయల్దేరాలి. వణుకు, చెమట మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి, పెరక్కపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. జేబులో పంచదార పొట్లం ఒకటి ఉండాలండి. ఇంకోటి, షుగర్ ఉన్నవాళ్ళు గట్టు మీద ఉత్త కాళ్ళతో నడవకూడదు. స్పర్శ తగ్గిన కాలికి నత్తగుల్ల గుచ్చుకున్నా తెలీదు. అలా మొదలై వేలు తీసేసే దాకా వచ్చిన కేసులు మా వార్డులోనే చూశాను.

రాజోలు_రైతు
పంచదార పొట్లం సంగతి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను ఆయనకి. చెప్పులు లేకుండా తిరగడం మాత్రం మా అందరికీ ఉన్న అలవాటే.

కువైట్_కోనసీమ
రిజిస్ట్రేషన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. వేరే పని చేసినంత మాత్రాన పోదు. ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ గంటలు చూపించాలి. జనం పోగొట్టుకునేది అక్కడే. జాతీయ రిజిస్టర్‌లో నీ ఎన్‌యూఐడీ (నర్సులకి ఇచ్చే గుర్తింపు) నంబరుందో లేదో కూడా చూసుకో.

ఇక అసలు మాట. గల్ఫ్‌లో చాలా చోట్ల కనీసం రెండేళ్ళ హాస్పిటల్ అనుభవం అడుగుతారు, అదీ మధ్యలో గ్యాప్ లేకుండా. ఇప్పుడు మానేస్తే రేపు మనసు మారినా ఆ తలుపు మళ్ళీ తెరవడం కష్టం. మన కోనసీమలో ఎన్ని కుటుంబాలు గల్ఫ్ డబ్బుతో నిలబడ్డాయో నీకు తెలియంది కాదు. నేనొచ్చింది అప్పు తీర్చడానికే, తీర్చాను, చెల్లి పెళ్ళి చేశాను. నిన్ను రమ్మని చెప్పట్లేదు, రెండేళ్ళు నిండకుండా మానెయ్యొద్దంటున్నా. ఇంకో సంగతి, ఇక్కడ మా హాస్పిటల్లో కార్డియాక్ రిహాబ్ అని ఉంది. గుండెపోటు వచ్చినవాళ్ళని వారానికి మూడు రోజులు రప్పించి సైకిల్ తొక్కిస్తారు, నడిపిస్తారు, పక్కన మానిటర్ పెట్టుకుని చూసేది నర్సులే. నువ్వు కోరుకునే పని అదే అనిపించింది నాకు.

మేల్‌నర్స్_ఏలూరు
అందరూ మంచి మంచి మాటలు చెప్తున్నారు, ఒక చెడ్డ మాట నేను చెప్పాలి. నువ్వు నర్సువని జిమ్‌లో తెలిసిన మర్నాడే ఒకడొచ్చి ఇంజెక్షన్ వేస్తావా అని అడుగుతాడు. నన్ను అడిగారు. టెస్టోస్టిరాన్, నాండ్రొలోన్ లాంటి కండలు పెంచే స్టెరాయిడ్లు ఎక్కణ్ణుంచో తెచ్చుకుంటారు, వేసేవాళ్ళే దొరకరు. ఈ మధ్య మెఫెంటర్మిన్ కూడా. మనకి తెలుసు అది దేనికో, ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చాక బీపీ పడిపోతే వాడతాం. వీళ్ళేమో బరువులెత్తడానికి ఊపొస్తుందని నరంలోకి ఎక్కించుకుంటున్నారు. గుండె లయ తప్పితే అక్కడే పోతారు. నువ్వు ఒక్కసారి "సరేలే అన్నయ్యా" అన్నావంటే నీ రిజిస్ట్రేషన్ పోవడం సంగతి అలా ఉంచు, ఒక పిల్లాడి ప్రాణం నీ చేతిలో పోతుంది. చేరే ముందే ఓనర్‌తో తేల్చుకో, నా దగ్గర సూది మాట ఎత్తకూడదని.

భీమవరం_బార్‌బెల్
ఏలూరు తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర సిరంజి దొరికితే డబ్బు తిరిగిచ్చేసి పంపించేస్తాను. అందరు ఓనర్లూ అలా ఉండరు, చూసుకుని చేరాలి.

నైట్‌డ్యూటీ_అక్క
ఇది చదివాక నాకు భయం ఇంకా ఎక్కువైంది. చెల్లీ, విన్నావా?

గోదారి_గట్టు
రాజమండ్రిలో ఉంటాను. అడిగింది మారినవాళ్ళని కదా, నేను మారినదాన్ని. ఐసీయూలో కొన్నేళ్ళు చేశాక, పాప పుట్టాక బయటికొచ్చాను. ఇప్పుడు ఆడవాళ్ళకే క్లాసులు. పొద్దున్న ఒక బ్యాచ్, పదకొండింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఇళ్ళకెళ్ళి చెప్పేవి కొన్ని. బతుకుతున్నానా అంటే బతుకుతున్నాను. ఆదాయం నెలనెలా ఒకలా ఉండదు. వేసవి సెలవులకి అందరూ పుట్టిళ్ళకి పోతారు, గోదారి పోటెత్తి వానలు పట్టుకుంటే వారం రోజులు ఎవరూ రారు. పీఎఫ్ లేదు, మెటర్నిటీ లీవు లేదు, నాకు జ్వరమొస్తే ఆ రోజు డబ్బు లేదు. ఇవన్నీ లెక్కేసుకునే రావాలి.

మరి ఎందుకు చేస్తున్నానంటే చెప్తాను. ఒకావిడ మొదటి రోజు వచ్చినప్పుడు కుర్చీలోంచి చేతులానకుండా లేవలేకపోయింది. 55 ఏళ్ళుంటాయి, పీట మీద కూర్చోవడం ఎప్పుడో మానేసింది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక నడవకూడదని ఎవరో చెప్పారట. మేము చేసింది చాలా చిన్న పని. ఎత్తు కుర్చీ వేసి, దాని మీద ఇంకో దిండు వేసి, లేవడం, కూర్చోవడం. ముందు చేతులు కుర్చీ మీద ఆనించి, తర్వాత తొడల మీద పెట్టి, తర్వాత గుండెల మీద కట్టుకుని. దిండు తీసేశాం, కుర్చీ ఎత్తు తగ్గించాం. తొడ కండ బలపడితే మోకీలు మీద భారం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది, ఇది ఫిజియోలు అందరూ చెప్పేదే. పుష్కరాల రేవులో మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టి వచ్చానని ఆవిడ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు కలిగిన తృప్తి ఏ వార్డులోనూ దొరకలేదు. నైట్‌డ్యూటీ అక్క మీద గౌరవంతోనే అంటున్నాను, హాస్పిటల్లో ఉంటేనే నర్సు అనుకోవడం నేను ఒప్పుకోను.

కానీ ఒక మాట. నన్ను నమ్మి జనం వచ్చింది ఐసీయూ అనుభవం చూసే. మనిషి రంగు మారితే నాకు తెలుస్తుంది, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఆ కన్ను ఏడాదిలోపు రాదు.

నైట్‌డ్యూటీ_అక్క
గట్టు గారూ, హాస్పిటల్లోనే నర్సు అని నేననలేదమ్మా. మీరు చివర రాసిన మాటే నేను మొదట చెప్పాను.

గోదారి_గట్టు
అవును, అక్కడ ఇద్దరం ఒకటే.

సన్నబడండి_సులువుగా
అక్కా మా దగ్గర ఒక షేక్ ఉంది, నెలలో ఎనిమిది కేజీలు గ్యారంటీ, నర్సులకి స్పెషల్ కమీషన్

మోడరేటర్
పైవారి తర్వాతి పోస్టులు తీసేశాను. పొడులు, షేకులు అమ్మేవాళ్ళకి ఈ వేదికలో చోటు లేదు. ఈ ఒక్కటి ఉంచింది ఎలా వల వేస్తారో అందరూ చూడాలని.

పల్లె_క్లినిక్
మంచి పని చేశారు. ఎవరు నర్సు అని తెలిస్తే వాళ్ళ వెంట పడుతున్నారు ఈ షేకుల వాళ్ళు, తెల్ల కోటు చెప్తే జనం కొంటారని. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ పేషెంట్లు కూడా ప్రొటీన్ పొడి తాగి వస్తున్నారు మా దగ్గరికి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పారు. వాళ్ళ లెక్క ప్రకారం కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాములు, 60 కేజీల మనిషికి 50 గ్రాములు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప తినే ఇంట్లో అది డబ్బాలోంచి రావక్కర్లేదు.

భీమవరం_బార్‌బెల్
బరువులు గట్టిగా ఎత్తేవాళ్ళకి 0.83 చాలదండి, కాస్త ఎక్కువ కావాలి. డబ్బా అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకుంటా. మన చెరువుల్లో చేపలుండగా డబ్బా ఎందుకు.

పూతరేకు
పులస సీజన్లో ప్రొటీన్ గురించి ఎవరూ లెక్కలడగరు, రేటు గురించే అడుగుతారు.

పల్లె_క్లినిక్
అంబాజీపేట అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది వేరే. నేను ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) చేస్తున్నాను, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో. బీఎస్సీ నర్సింగ్ మీదే వచ్చింది ఈ ఉద్యోగం. 30 ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ బీపీ, షుగర్ చూడటం, మందులివ్వడం, యోగా, నడక లాంటివి చేయించడం, అన్నీ మా పనిలోనివే. ఐసీఎంఆర్ చేయించిన సర్వే 2023లో బయటికొచ్చింది, దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని తేలింది. ఆ లెక్క నాకు మా ఊళ్ళో ఇంటింటా కనపడుతుంది. నోటిఫికేషన్ పడితే పెట్టుకో. నువ్వు చెయ్యాలనుకున్న పనికి దగ్గరగా ఉన్న సర్కారు పని ఇదే.

లంకల_నర్సు
అక్కా, నేనూ అదే పని చేస్తున్నా, కాస్త నిజం కూడా చెప్పండి. కాంట్రాక్టు ఉద్యోగం. రోజులో ఎక్కువ టైము యాప్‌లలో ఫొటోలు, వేలిముద్రలు ఎక్కించడానికే పోతుంది. వరదొస్తే పడవెక్కి వెళ్ళాలి. నడిపించే టైమెక్కడుంది?

పల్లె_క్లినిక్
యాప్‌ల గోల నిజమే. అయినా నెలకోసారి బీపీ బిళ్ళలకి వచ్చినవాళ్ళని అక్కడే పది నిమిషాలు నిలబెట్టి చేయిస్తున్నాను, మానలేదు. పడవ సంగతి నాకు చెప్తావేంటి, నాదీ లంక ఊరే.

ఫిజియో_కాకినాడ
హద్దులు ఎక్కడున్నాయో చెప్తాను, తర్వాత గొడవలు రాకుండా. జిమ్ ట్రైనర్‌కి మన దేశంలో నర్సింగ్ కౌన్సిల్ లాంటిది ఏదీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టేసుకోవచ్చు. అందుకే సర్టిఫికెట్ మంచిది ఎంచుకోవాలి. ఏసీఈ, ఏసీఎస్ఎం లాంటివి అంతర్జాతీయంగా పేరున్నవి, మన దగ్గర స్కిల్ కౌన్సిల్ ద్వారా ఇచ్చే ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు ఉంది. ఏసీఈకి సీపీఆర్ సర్టిఫికెట్ తప్పనిసరి. నర్సుగా నీకు బీఎల్‌ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక శిక్షణ) ఉండే ఉంటుంది, దాని గడువు రెండేళ్ళు, చూసుకో.

మోకీలు మార్పిడి అయినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, వెన్నుపూస నొప్పి కాల్లోకి దిగుతున్నవాళ్ళు ఫిజియో దగ్గరికే రావాలి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం కింద ఫిజియోథెరపీ ఒక వృత్తిగా ఉంది, ట్రైనర్ పేరుతో ఆ పని చెయ్యకూడదు. మందు మోతాదు గురించి నోరెత్తకు, నీకు తెలిసినా సరే, చీటీ రాసి డాక్టర్ దగ్గరికి పంపు. నేనైతే పై బీపీ 180, కింది బీపీ 110 దాటినవాళ్ళని ఆ రోజు ఏమీ చేయించకుండా పంపించేస్తాను. షుగర్ వల్ల కంటి లోపల రక్తస్రావం ఉన్నవాళ్ళతో ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తించకూడదు. ప్రతి మనిషికీ ఒక నోట్సు రాసుకో, వార్డులో చార్ట్ రాసినట్టే.

తణుకు_తల్లి
ఇంత చెప్పే మనిషి ఉంటే నేను మళ్ళీ జిమ్‌కి వెళ్తాను.

అంబాజీపేట_అమ్మాయి
డ్యూటీలో ఉండి ఇప్పుడే అన్నీ చదివాను. ఇంజెక్షన్ల సంగతి నేను అనుకోనే లేదు. గట్టు అక్క చెప్పిన "ఆ కన్ను" మాట కూడా మనసుకి తగిలింది. ఇంకో తలనొప్పి చెప్పలేదు మీకు, చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకున్నారు. మధ్యలో మానేస్తే ఇవ్వరట.

మేల్‌నర్స్_ఏలూరు
అలా పెట్టుకోవడం తప్పు. బాండ్లు, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవడం కూడదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే చెప్పింది. కాగితం మీద రాసి అడుగు, ఫోన్లో కాదు. నువ్విచ్చిన కాగితం మీద అందినట్టు సంతకం తీసుకో. వాళ్ళు "ఇవ్వం" అంటే అది కూడా కాగితం మీదే రాసివ్వమను. చాలామంది అక్కడితో దిగొస్తారు.

నైట్‌డ్యూటీ_అక్క
మానేసేటప్పుడు కాదు, ఇప్పుడే అడుగు. బ్యాంకు లోనుకి కావాలనో, ఉద్యోగ దరఖాస్తుకి కావాలనో చెప్పు.

ముమ్మిడివరం_మమ్మీ
నాకో ఆలోచన తోచింది, పనికొస్తుందేమో చూడండి. మన అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ 2023లో చైనాలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో డబుల్స్ బంగారం తెచ్చాక పిల్లల్ని బ్యాడ్మింటన్‌కి పంపని ఇల్లు లేదు మా వైపు. మా పాపని నేనూ తీసుకెళ్తాను. పిల్లలు లోపల గంటన్నర ఆడతారు, తల్లులందరం బయట బెంచీల మీద కూర్చుని మిక్చర్ పొట్లాలు విప్పుతాం. ఆ గంటన్నర మాకెవరైనా ఏదైనా చేయించకూడదూ? ఎలాగూ వచ్చి కూర్చున్నాం, వేరే టైము అక్కర్లేదు, ఒంటరిగా రోడ్డు మీద నడవాలంటే వచ్చే భయం, సిగ్గు లేవు, మగాళ్ళు చూస్తున్నారన్న గొడవ లేదు.

గోదారి_గట్టు
ఇంత మంచి ఆలోచన నాకు ఇన్నాళ్ళూ రాలేదే! రాజమండ్రిలో నేను రేపే అడుగుతా.

భీమవరం_బార్‌బెల్
భలే చెప్పారమ్మా. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండకి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. ఆ బెంచీల దగ్గరే అయిపోతుంది మొత్తం.

అంబాజీపేట_అమ్మాయి
ముమ్మిడివరం అక్కా, మీరు ఏ రోజుల్లో వెళ్తారు? నిజంగానే అడుగుతున్నా. నాన్నతో రాత్రి మాట్లాడాను. ఉద్యోగం మానను, రెండేళ్ళు పూర్తి చేస్తాను, వీలైతే ఐసీయూకి మార్పించుకుంటాను, ఈలోగా సర్టిఫికెట్‌కి చదువుతాను, ఆఫ్ రోజుల్లో ఆడవాళ్ళకి చెప్పడం మొదలుపెడతాను అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ అమ్మకి కూడా మోకాళ్ళు నొప్పులే కదా" అన్నారు. ముందు డబ్బు తీసుకోకుండా చెప్దామనుకుంటున్నా.

భీమవరం_బార్‌బెల్
వద్దు. మొదటి రోజు నుంచీ ఎంతో కొంత తీసుకో. ఉచితమైతే నాలుగో రోజుకి ఎవరూ రారు, తర్వాత అడిగితే మొహం చాటేస్తారు.

పల్లె_క్లినిక్
నేను ఒప్పుకోను. డబ్బంటే రావలసినవాళ్ళే రారు. పొలం పనికెళ్ళే ఆవిడకి కూడా బీపీ ఉంటుంది, ఆవిడ మీ బెంచీల దగ్గరికి రాలేదు. అమ్మాయీ, నెలలో ఒక్క ఆదివారమన్నా మా ఊరు రా. తుఫాను షెల్టర్ ఖాళీగా ఉంటుంది, పైన నీడ, కింద గచ్చు, సర్పంచ్‌ని నేను అడుగుతాను.

భీమవరం_బార్‌బెల్
అక్కడ ఉచితంగా చెప్పనివ్వండి, ఎవరొద్దన్నారు. ఇక్కడ తీసుకుంటేనే అక్కడికి రావడానికి పెట్రోలు.

ముమ్మిడివరం_మమ్మీ
మంగళ, గురు, శని సాయంత్రం ఐదింటికి. మెసేజ్ పెట్టాను చూడు. పదిమందిమి ఉంటాం, ఇద్దరికి బీపీ ఉంది, ఒకావిడకి సిజేరియన్ అయ్యి నాలుగు నెలలు.

ఫిజియో_కాకినాడ
సిజేరియన్ ఆవిడ ముందు తన డాక్టర్ని అడిగి రావాలి, పొట్ట మీద ఒత్తిడి పడేవి ఇప్పుడే వద్దు. బీపీ మిషన్ తీసుకెళ్ళు. లావు చేతులవాళ్ళకి పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కావాలి. లోపలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టి రావాలి. చిన్న కఫ్‌తో చూస్తే లేని బీపీ చూపిస్తుంది.

అంబాజీపేట_అమ్మాయి
నా దగ్గర మామూలుదే ఉందండి. పెద్దది అమలాపురంలో దొరుకుతుందా?

ఫిజియో_కాకినాడ
దొరక్కపోతే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) దగ్గర సర్జికల్ షాపుల్లో అడుగు. మిషన్ మోడల్ నంబరు రాసుకుని వెళ్ళు, అన్ని కఫ్‌ల పిన్నూ ఒకటి కాదు.